వేళ్ళకురులమ్మ తైలసేవ

తూర్పు కనుమల దిగువన, నల్లేటి వాగు రెండు పాయలుగా చీలే చోట శ్రీ వేళ్ళకురులమ్మ వారి ఆలయం ఉన్నది. మెట్లెక్కుతుండగానే తొలకరికి తడిసిన నేల వాసన భక్తులకు ఎదురవుతుంది. మండువేసవిలోనూ అది తగ్గదు. గర్భాలయంలో అమ్మవారు మోకాళ్ళ దాకా జారిన వట్టివేళ్ళ కురులతో దర్శనమిస్తారు.

పూర్వం ఇక్కడ ఒడ్డు పొడుగునా వట్టివేళ్ళ గడ్డి పెరిగేది. దాలయ్య వేళ్ళు తవ్వి తెస్తే, అతని భార్య ఎర్రకమ్మ తడికలు అల్లేది. ఒక శ్రావణంలో, తడిక పూర్తి కావడానికి పిడికెడు వేళ్ళు తక్కువయ్యాయని ఆమె భర్తను అవతలి ఒడ్డుకు పంపింది. కొండమీద కురిసిన వానకు వాగు ఒక్కసారిగా పొంగింది. దాలయ్య తిరిగి రాలేదు.

ఆనాటి నుంచి అతని తల్లి పోలమ్మ కోడలితో మాట మానేసింది. ఆమెకు కంట నీరు రాలేదు, నోట ముద్ద దిగలేదు. గోడవైపు తిరిగి పడుకొని రోజురోజుకూ చిక్కిపోసాగింది. ఎర్రకమ్మా ఏడవలేదు. ఏడ్చే హక్కు తనకు లేదనుకున్నది.

ఒక మధ్యాహ్నం ఆమె వాగొడ్డున సొమ్మసిల్లి నిద్రపోగా, ఒళ్ళంతా మట్టి పూసుకున్న ముత్తైదువ ఒకామె కలలో కనిపించింది. "అమ్మీ, నీ తలకిందే ఉన్నాను. నా కురులు కోసి, ఆవిరి పట్టి తైలం తీయి. అది నీకు కాదు సుమా" అని పలికింది.

మేలుకొన్న ఎర్రకమ్మ తల ఆనించిన చోటనే తవ్వింది. రెండు మూరల లోతున నల్లని శిల, దానిపై స్త్రీ ముఖం, మాడు నుంచి పాయలు పాయలుగా వేళ్ళు! మొక్కి, ఒక పాయ కోసింది. చూస్తుండగానే ఆ పాయ మళ్ళీ మొలిచింది.

ఆ వేళ్ళను మూతికి బంకమట్టి మెత్తిన కుండలో మూడు పగళ్ళు కాచి, ఆవిరిని వెదురుగొట్టం గుండా చల్లని ముంతలోకి పట్టింది. నీటిపై తేనెరంగు తైలం కాస్తంత తేలింది. దానిని అత్త దగ్గరకు తీసుకుపోయింది.

"అత్తా, ఒక్కసారి ఇటు తిరుగు."

"ఆ సేత్తోనే కదే నా కొడుకుని ఏటవతలికి పంపినావు! ముట్టకు నన్ను."

"ఆ సేత్తోనే అత్తా. ఇంకో సెయ్యి నాకెక్కడిది?"

అంటూ ఎర్రకమ్మ ఆమె కణతలకు తైలం రాసింది. ప్రతి సాయంత్రం దాలయ్య ఒంటినుంచి వచ్చే వాసనే ఇల్లంతా నిండింది. పోలమ్మ గుండెనిండా పీల్చింది. "దాలీ!" అని గొల్లుమన్నది. ఏడ్చి ఏడ్చి తేరుకొని, తానూ ముంతలో చేతివేళ్ళు ముంచి కోడలి కణతలకు రాసింది.

"నువ్వూ ఏడువే, తల్లీ."

అంతవరకూ బిగబట్టుకున్న ఎర్రకమ్మ అత్త ఒడిలో తలపెట్టి కుమిలిపోయింది. సరిగ్గా ఆ వేళకే ఒడ్డున తవ్విన గోతిలోని శిల నిలువెల్లా తైలం చెమర్చడం ఆవులకాపరులు చూసి, నేలకు సాగిలపడ్డారట.

నేటికీ శ్రావణ శుక్రవారాలలో అర్చకులు తైలపు గిన్నెను అమ్మవారి ముందు ఉంచి పక్కకు తప్పుకుంటారు. ఈ సన్నిధిలో ఎవరికి వారు తైలం రాసుకోరాదు. మాటలు లేని అన్నదమ్ములు, పంతాలు పట్టిన తల్లీకూతుళ్ళు ఒకరికొకరు రాసుకుంటారు. ఒంటరిగా వచ్చినవారికి వెనుక నిలిచినవారు రాస్తారు, ఎవరి కోసమని అడగరు. అలా రాయించుకున్నవారు పోయినవారి పేరును గొంతు పూడుకోకుండా పలకగలరని, ఆ రాత్రి కంటినిండా నిద్రపోతారని భక్తుల నమ్మకం.