కిర్రుచెప్పుల కచేరీ

వీరపట్నం రాజుగారి రాయబారి జైనుల్లాకు ఒకటే దిగులు. ఏం చేసినా పొరుగున ఉన్న చింతలకోన జనం తమ రాజును మెచ్చుకోవడం లేదు.

"పట్టుబట్టలు పంచాం, వైద్యుణ్ణి పంపాం, పోయిన నెల కచేరీ పెట్టించాం. ఒక్కడైనా తల ఊపితే ఒట్టు, హజ్రత్!" అని గురువు బుడన్ ఫకీరు దగ్గర మొర పెట్టుకున్నాడు. "ఇవాళ మళ్ళీ కచేరీ. ఈసారీ ఇంతే అయితే నా కొలువు ఊడినట్టే. అందుకే రాజ్యంలోకెల్లా గొప్ప గాయకుణ్ణి తీసుకెళ్తున్నా. దీవించండి."

తంబురా పట్టుకుని గాయకుడు వెనకే ఉన్నాడు. బయట బండి సిద్ధంగా ఉంది.

"చింతలకోన వాళ్ళ మంచినీళ్ళ చెలమ చుట్టూ మీ సిపాయిలు కూర్చున్నారట?" అన్నాడు ఫకీరు.

"అయ్యో, మేం తీసుకోలేదు హజ్రత్! జాగ్రత్తగా చూసుకుంటున్నామంతే. ఇంటికి రెండేసి కడవలు మేమే పోస్తున్నాం కూడా."

"మంచిది. ఆ పాటేదో ముందు నువ్వు విను."

గాయకుడు అందుకున్నాడు. ఫకీరు జైనుల్లా చేతిలో ఖర్జూరం పెట్టి, గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. అక్కడ జైనుల్లా విడిచిన కొత్త కిర్రుచెప్పులు తళతళలాడుతున్నాయి. ఫకీరు వాటిని తొడుక్కుని వాకిట్లో పచార్లు మొదలుపెట్టాడు.

కిర్రు... కిర్రు... కిర్రు.

మేకల పాకలోకి వెళ్ళాడు. బురదలోంచి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు.

పాట అయిపోయింది.

"ఎలా ఉంది?" అన్నాడు ఫకీరు గుమ్మంలోంచి.

"ఏది, హజ్రత్?"

"పాట."

జైనుల్లా ఫకీరు కాళ్ళవైపు చూపించాడు. "హజ్రత్... అవి నా చెప్పులు."

"నేను తీసుకోలేదుగా! జాగ్రత్తగా చూసుకుంటున్నానంతే. ఖర్జూరం తిన్నావా? తియ్యగా ఉందా?"

ఖర్జూరం చేతిలో అలాగే ఉంది. జైనుల్లా దాన్ని మెల్లగా కింద పెట్టి, లేచి, సలాం చేసి, వట్టికాళ్ళతో బయటికి నడిచాడు. మిట్టమధ్యాహ్నం. వాకిట్లో బండలు పెనంలా ఉన్నాయి. రాయబారిగారు ఒక్కో అడుక్కీ గంతు వేయాల్సొచ్చింది.

"కాళ్ళు కాలుతున్నాయా, నాయనా?" వెనకనుంచి ఫకీరు ఆప్యాయంగా కేకేశాడు. "ఇంకో పాట పాడించమంటావా?"

జైనుల్లా బండెక్కి, ఎద్దుల్ని చింతలకోన దారినుంచి రాజుగారి కోటవైపు తిప్పమన్నాడు.