పోలెమ్మ చింతగింజలు

లెక్కలు రానివాళ్లకు వయసు కూడా రాదా, చెప్పండి?

అరవై దాటినవాళ్లు కోటగోడకు రాళ్లు మోయనక్కర్లేదని రాజాజ్ఞ. బుట్టలల్లే పోలెమ్మ, పుట్టినప్పటి నుంచీ మొదట తల్లి, తర్వాత తాను ఏడాదికొకటిగా దాచిన చింతగింజలు తెచ్చి అధికారి ముందు పెట్టింది.

"ఎన్నున్నాయే? ఇవన్నీ లెక్కపెట్టే తీరిక నాకు లేదు."

"ఆరు దాటి లెక్క రాదు దొరా. రెండేసి, మూడేసి, నాలుగేసి, ఐదేసి, ఆరేసి పేర్చాను. ఎలా పేర్చినా ఒకటి మిగిలింది."

"అయితే నీ వయసు ఒకటే! పో, రాళ్లు మొయ్యి," అని అధికారి పకపకా నవ్వాడు.

"ఏడాది పిల్లతో మోయిస్తారా దొరా? కాదంటే, అలాగే ఒకటి మిగిలే ఇంకో వయసు మీరే చెప్పండి."

పక్కనున్న కరణం లెక్క కట్టాడు. ఒకటి తర్వాత కుదిరింది అరవై ఒకటి. మధ్యలో ఏదీ కుదరలేదు. అధికారి ఆమెను ఇంటికి పంపాడు.

రుజువేదని ముసలివాళ్లను ఎవరైనా నిలదీస్తే, చూస్తూ ఊరుకోకండి. వెళ్లి పక్కన నిలబడండి.