గుండప్ప గుండె జబ్బు

అనగనగా ఒక పరిశోధనశాల. అందులో ఒక చల్లటి గది. ఆ గదిలో ఒక ప్లాస్టిక్ పెట్టె. పెట్టెలో మూడు తెల్ల ఎలుకలు ఉండేవి. ఒకటి గుండప్ప, ఒకటి నూకాలు, ఇంకొకటి ముసలి పోలయ్య.

గుండప్ప నున్నగా, బలంగా ఉండేవాడు. పని పేరెత్తితే మాత్రం వాడికి నిద్ర ముంచుకొచ్చేది.

ఒక సోమవారం, ఎలుకల గుండె జబ్బుల మీద పనిచేసే మంజులత మేడమ్ పెట్టె మూత తీసి చూసింది. పక్కావిడతో ఇలా అంది:

"ఈ మూడింటిలో ఒకదానికి గుండె జబ్బు మొదలైనట్టుంది. దేనికో పైకి తెలియడం లేదు. శుక్రవారం స్కానింగ్ మిషన్‌తో చూద్దాం. తొందరగా మందు పడితే బతుకుతుంది."

మూత పడిందో లేదో, గుండప్ప రొమ్ము పట్టుకుని వెల్లకిలా పడ్డాడు.

"అమ్మో! ఆ ఒక్కడూ నేనే!"

"అయ్యో అన్నా! ఎప్పటినుంచి?" అంది నూకాలు.

"మీరు బాధపడతారని ఎవరికీ చెప్పలేదమ్మా," అన్నాడు గుండప్ప.

ఎవరికీ చెప్పనివాడు ఆ ఒక్కరోజే పదిసార్లు చెప్పాడు.

ఇక చూడండి వాడి వైభోగం! మంగళవారం నూకాలు పెట్టె ఇనుప కమ్మీలు ఎక్కి, పైనున్న మేత గుళికలు దింపి వాడి నోటి దగ్గర పెట్టింది. బుధవారం తన వంతు దూది కూడా తెచ్చి వాడికి పరుపు వేసింది. గురువారం కాళ్ళు పట్టింది. గుండప్ప కళ్ళు మూసుకుని, "ఇంకాస్త పైన... ఆ, అక్కడే... అబ్బా, ఈ గుండె ఎప్పుడు ఆగుతుందో!" అని మూలిగాడు. మూలుగుతూనే రెండు గుళికలు తిన్నాడు.

మూడో గుళిక కోసం ఎక్కుతున్న నూకాలు కమ్మీల మధ్యలో ఆగిపోయింది. ఒళ్ళంతా ఎగిసిపడుతోంది.

"ఏమిటే అంతసేపు? జబ్బు నాకా, నీకా?" అన్నాడు గుండప్ప.

"ఏమో అన్నా, కాస్త ఆయాసంగా..."

"ఆయాసమా? దాని సంగతి నన్నడుగు చెప్తాను. నీది ఒట్టి బద్ధకం!"

నూకాలు మళ్ళీ ఎక్కింది.

ఇదంతా చూస్తున్న పోలయ్య వాడి చెవి దగ్గరకొచ్చాడు.

"ఒరేయ్, ఆ పిల్ల పాదాలు చూశావా? నీలంగా తిరిగాయి. రేపు దాన్నే ముందు చూడాలి. నీకేమీ లేదని ఒప్పుకో. కనీసం రేపు వెనక్కి తప్పుకో."

గుండప్ప నూకాలు పాదాలు చూశాడు. నిజమే, నీలంగానే ఉన్నాయి. తర్వాత తన దూది పరుపు చూసుకున్నాడు. మెత్తగా ఉంది.

"జబ్బు మనిషిని పట్టుకుని ఎన్నెన్ని మాటలంటున్నావు తాతా!" అని అటు తిరిగి పడుకున్నాడు.

శుక్రవారం వచ్చింది. మేడమ్ మూత తీసేసరికి గుండప్ప అందరికన్నా ముందు ఉన్నాడు. నాలుగు కాళ్ళూ పైకెత్తాడు. నాలుక బయట పెట్టాడు. ఒక కాలు అదే పనిగా వణికించాడు. నూకాలు మూలన చప్పుడు లేకుండా కూర్చుంది.

"పాపం, ఇదే అయ్యుంటుంది. ముందు దీన్ని చూద్దాం," అంది మేడమ్.

మత్తు గాలి పట్టి పడుకోబెట్టారు. వెచ్చటి పలక మీద కాళ్ళకు టేపులు అంటించారు. రొమ్ము మీది బొచ్చంతా క్రీముతో తీసేసి, జెల్ పూసి, దాని మీద చిన్న పరికరం ఆనించారు. బొబ్బరి గింజంత గుండె తెర మీద గుప్పెడంత అయి కనిపించింది. గోడలు గట్టిగా ఉన్నాయి. కవాటాలు ఠంచనుగా మూసుకుంటున్నాయి. నెత్తురు ఎక్కడా వెనక్కి రావడం లేదు.

మేడమ్‌కి నమ్మకం కుదరలేదు. అంత బాగా నటించాడు మరి! రెండోసారి చూసింది. మూడోసారి చూసింది. గంట గడిచిపోయింది.

"దీనికి జబ్బేమిటి! ఇంత మంచి గుండెను నేనీమధ్య చూడనేలేదు!"

సరిగ్గా అప్పుడే పెట్టెలో నూకాలు పక్కకు ఒరిగిపోయింది. పోలయ్య ఇనుప కమ్మీలు కొరుకుతూ కీచుమని ఒకటే అరుపు. మేడమ్ పరుగున వచ్చి నూకాలును ఎత్తుకుంది. ఈసారి తెర మీద కనిపించిన గుండె సాగిపోయిన సంచిలా ఉంది. ఒకసారి ముడుచుకోవడానికే అవస్థ పడుతోంది.

"ఇదే! ఇంకో గంట ఆగితే దక్కేది కాదు," అంటూ మేడమ్ మందు సూది అందుకుంది.

గుండప్పకు మత్తు దిగేసరికి రొమ్ము బోడిగా ఉంది.

"మిషన్ పాడైపోయింది! నా బాధ దానికేం తెలుస్తుంది?" అన్నాడు.

"తెర ఇటువైపే ఉందిలే. నేనూ చూశాను," అన్నాడు పోలయ్య.

నూకాలుకు మందు నీళ్ళు, కొత్త దూది, నోటి దగ్గరికే మేత వచ్చాయి. గుండప్పకు ఒక చీటీ వచ్చింది: 'ఆరోగ్యమైన గుండె'. జబ్బు గుండెను పోల్చి చూడాలంటే మంచి గుండె ఒకటి కావాలి కదా! అందుకని వాడిని రోజూ గంటసేపు కదిలే పట్టీ మీద పరిగెత్తించారు. ఆగితే వెనకనుంచి గాలి కొట్టేది.

పది రోజులకు నూకాలు లేచి కూర్చుంది. గుండప్ప ఒళ్ళు ఈడ్చుకుంటూ దాని పక్కన చేరాడు.

"నామీద కోపమా నూకాలూ?"

నూకాలు వాడివైపు తిరిగింది.

"చాకిరీ చేయించావని కోపం లేదన్నా. నాకు ఎప్పటినుంచో ఊపిరి ఆడేది కాదు. నిన్ను చూసి, జబ్బంటే నీదే, నాదీ ఒక జబ్బేనా అనుకున్నాను. అందుకే ఎవరికీ చెప్పుకోలేదు. ఇంకొంచెం ఉంటే చెప్పుకోకుండానే పోయేదాన్ని."

గుండప్ప బోడి రొమ్ము కనబడకుండా ముడుచుకుని, గోడవైపు తిరిగాడు.

నీతి: లేని జబ్బును చాటుకునేవాడు పని ఎగ్గొట్టడంతో ఆగడు, నోరు విప్పలేని రోగికి అందాల్సిన మందును కూడా మింగేస్తాడు.