పేరమకు పంపిన శ్రీముఖం

ఏరు రెండు పాయలుగా చీలే చోట కుందవరమని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని కీర్తిధవళుడనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. కానీ తాను చేసిన పని లోకంలో మరెవ్వరూ చేయలేదని గట్టి నమ్మకం. కుంట తవ్విస్తే దాన్ని సముద్రమని పిలవాలి. పద్యమొకటి అల్లితే ఊరంతా వల్లె వేయాలి.

ఆ రాజు కోటలో ఒక నిదాన విద్యాశాల పెట్టించాడు. నాడి పట్టి, నాలుక చూసి, ఒంటి వేడీ కంటి రంగూ గమనించి, రోగమేదో తేల్చి వైద్యుడికి చెప్పే విద్య అక్కడ నేర్పేవారు. అది మూడేళ్ల చదువు. ఆడపిల్లలకూ ప్రవేశం ఉండేది. చివర నిండు సభలో పరీక్ష జరిగేది. నెగ్గినవారికి పేరు పెట్టి పిలిచి నుదుట పట్టు పట్టం కట్టేవారు.

ఆ చదువుకు నిబంధనలన్నీ రాజే స్వయంగా రాశాడు. పాఠానికి ఎన్నాళ్లు రావాలి, పరీక్ష తప్పినవారు మళ్లీ ఎన్నిసార్లు కూర్చోవచ్చు, రోగుల వాడల్లో ఎంతకాలం సేవ చేయాలి, గురువుకు ఎదురు చెబితే ఏం చేయాలి, అన్నీ ఉన్నాయి. ఆ తాటాకుల కట్ట ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. “ఇందులో లేని సంగతి లోకంలో జరగదు” అని రాజు మీసం దువ్వుకునేవాడు.

ఆ కొలువులో కొమ్మన అనే చమత్కారి ఉండేవాడు. వయసు పైబడ్డా మాటలో పదును తగ్గలేదు. అతడు నోరు తెరిస్తే సభ నవ్వడానికి సిద్ధమయ్యేది. అయితే ఆ ఏడాది వేసవి అతని నోరు మూయించింది.

ఆ వేసవిలో ఊరి మీద విషజ్వరం పడింది. కొమ్మన భార్య తిప్పాంబ మంచం పట్టింది. పెద్ద వైద్యులు వచ్చారు, చూర్ణాలిచ్చారు, తగ్గిపోతుందన్నారు. ఆఖరుకు విద్యాశాల నుంచి పేరమ అనే పిల్లను పంపారు. మేదరవాడలో బుట్టలల్లే ఎర్రమ్మకు ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్ల చాలాసేపు నాడి పట్టుకుని కూర్చుంది. తర్వాత కొమ్మనను వసారాలోకి పిలిచింది.

“అయ్యా, ఇక చేదు మందులు పట్టించకండి. అమ్మగారి పక్కన కూర్చోండి. మాట్లాడవలసినవి ఉంటే మాట్లాడండి” అంది.

కొమ్మన ఆమె మొహం వంక చూశాడు. ఆ పిల్ల కళ్లు తిప్పుకోలేదు. అతడు లోపలికి వెళ్లి భార్య చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. మిగిలిన కాసిని రోజులూ ఆమె పెళ్లినాటి ముచ్చట్లు చెబుతూ, ఆయన్ని దెప్పుతూ, నవ్వుతూనే వెళ్లిపోయింది. పేరమ చెప్పకపోయి ఉంటే ఆ రోజులు కషాయాలు కాచడంలోనే గడిచిపోయేవి.

నెల తిరగకముందే పేరమ కూడా పోయింది. రాజాజ్ఞ మీద జ్వరం పడ్డ మేదరవాడకే ఆమెను సేవకు పంపారు. గడప గడపకూ వెళ్లి నాడులు చూసింది. ఒకనాడు తన నాడి తనే చూసుకుని, తల్లి చేత చాప వేయించుకుని పడుకుంది. మళ్లీ లేవలేదు.

జ్వరం తగ్గాక రాజు పట్టాల సభ తలపెట్టాడు. పొరుగు రాజులకు కబుర్లు వెళ్లాయి. ఏనుగులకు గంటలు కట్టారు. సభకు రెండు వారాల ముందు ఎర్రమ్మ కొమ్మన ఇంటి ముందుకొచ్చి నిలబడింది.

“అయ్యగారూ, సభలో మా పిల్ల పేరు పిలుస్తారంట. పలకకపోతే పరీక్షకు జడిసి పారిపోయిందని వాడవాడలా డప్పు కొట్టిస్తారంట. నిజమేనా?”

కొమ్మన తల వంచుకున్నాడు. ఆ నిబంధన అతనికి తెలుసు.

“పోయిన పిల్లని పారిపోయిందంటారా అయ్యా?” అంది ఎర్రమ్మ. ఆమె ఏడవలేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయినట్టుంది. “అందరూ వాడొదిలి వెళ్తుంటే అది వాడలోకి వచ్చింది. అదే వాడలో డప్పు కొడితే నేనెట్టా వినేది?”

మర్నాడు కొమ్మన కొలువుకు వెళ్లాడు. రాజు అతన్ని చూసి సంబరపడ్డాడు.

“వచ్చావా కొమ్మనా! నెలల తరబడి సభలో నవ్వే లేదు. ఏదీ, ఒకటి విసురు.”

“ఈ రోజు విన్నపంతో వచ్చాను ప్రభూ” అని కొమ్మన ఉన్న సంగతి చెప్పాడు.

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. “పాపం, మంచి పిల్లే కావచ్చు. కానీ నిబంధన నిబంధనే. పిలిస్తే పలకాలి. పలకనివారు పారిపోయినవారు. ఇవాళ ఒకరికి సడలిస్తే రేపు పదిమంది కడుపునొప్పి అంటారు. నా నిబంధనల్లో లోటుందని పొరుగు రాజుల ముందు ఒప్పుకోమంటావా?”

విద్యాశాల ప్రధానాచార్యుడి వైపు చూశాడు కొమ్మన. ఆయన కళ్లు తుడుచుకున్నాడు గానీ పెదవి విప్పలేదు.

ఇక బతిమాలి లాభం లేదని కొమ్మనకు తెలిసిపోయింది. చేతులు కట్టుకుని, “ఏలినవారి నిబంధనల్లో లోటేమిటి ప్రభూ! నేనే తొందరపడ్డాను. కానీ పారిపోయారని చాటించే ముందు రాజముద్ర వేసిన శ్రీముఖం పంపి, వారి చేతికే అందించి, జవాబు తెప్పించాలని కూడా తమరు రాశారు కదా” అన్నాడు.

“రాశాను మరి! అన్యాయంగా ఎవరినీ చాటించను.”

“తీసుకెళ్లినవాడు అందించనిదే వెనక్కి రాకూడదని కూడా ఉంది.”

“ఉంది. దారిలో పడుకుని, ఇచ్చానని అబద్ధమాడే భటులను నేనెరుగుదును.”

“వల్లకాటి దాకా వెళ్లడానికి భటులు జంకుతారు. ఆ శ్రీముఖం నా చేత పంపండి.”

కొలువులో ఒకరిద్దరు నోరు నొక్కుకున్నారు. ఇది కొమ్మన పాత ధోరణే అనుకుని రాజు కూడా ముసిముసిగా నవ్వి, ముద్ర వేయించి ఇచ్చాడు.

ఏటి అవతలి ఒడ్డున వల్లకాడు. పై భాగాన చితులు పేర్చేవారు, దిగువన పూడ్చేవారు. కొమ్మన పేరమ దిబ్బ పక్కన చాప పరుచుకున్నాడు. శ్రీముఖం ఒళ్లో పెట్టుకుని, “అమ్మా పేరమా, రాజుగారు జాబు పంపారు” అని పిలిచాడు. రోజూ పొద్దున ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి అలా పిలిచేవాడు. రాజును అక్కడికి రప్పించాలన్నదే అతని ఎత్తు.

ఎర్రమ్మ రోజూ వెదురు బద్దలు తెచ్చుకుని అక్కడే కూర్చుని బుట్టలల్లేది. ఆమె తెచ్చిన గంజి ఇద్దరూ తాగేవారు. ఆమె రెండు గుక్కలు మింగి ఆపేసేది.

నాలుగైదు రోజులకు కొమ్మనలో ఏదో మారింది. పేరమను పిలిచాక, చూపు ఎగువన తిప్పాంబ చితి కాలిన చోటికి వెళ్లేది. ఒక సాయంత్రం అటు తిరిగి, “తిప్పా, వింటున్నావా?” అనేశాడు. అని, సిగ్గుపడి, ఎర్రమ్మ వంక చూశాడు.

“ఎవరైనా పలుకుతారని కూర్చున్నారా అయ్యా?” అంది ఆమె, చేతిలో పని ఆపకుండా.

“మొదట రాజుగారి కోసమే కూర్చున్నానమ్మా. ఇప్పుడు నాకే తెలియడం లేదు. ఇంటికి పోవాలనిపించడం లేదు.”

“నాకూ అంతే” అంది ఎర్రమ్మ. ఇంకో వెదురు బద్ద అందుకుంది.

అక్కడ కోటలో గగ్గోలు పుట్టింది. పిలవవలసిన పేర్లన్నిటి సంగతీ తేలనిదే ఒక్కరికీ పట్టం కట్టకూడదన్నది మరో నిబంధన. కొమ్మన తిరిగి రాలేదు, జవాబు లేదు. సభ రోజు దగ్గర పడింది. పొరుగు రాజులు విడిదుల్లో దిగి, భోజనాలు చేసి, ఇంకెప్పుడని అడగడం మొదలెట్టారు. భటులను పంపితే, “అందించకుండా ఎలా వస్తాను? నిబంధన కదా!” అని కొమ్మన తిప్పి పంపాడు.

చివరికి రాజే పల్లకీ ఎక్కాడు. ముక్కుకు పన్నీటి గుడ్డ అడ్డం పెట్టుకుని వల్లకాట్లో పల్లకీ ఆపించాడు. మేదరవాడ జనం దూరంగా గుమిగూడారు.

“ఏం చేస్తున్నావిక్కడ?” అని గద్దించాడు.

కొమ్మన లేచి దణ్ణం పెట్టాడు. గడ్డం మాసి, కళ్లు లోతుకు పోయి ఉన్నాయి. “ఎదురు చూస్తున్నాను ప్రభూ. రోజూ పిలుస్తున్నాను. పేరమ చెయ్యి చాపడం లేదు.”

“చచ్చిపోయిన పిల్ల చెయ్యి ఎలా చాపుతుందయ్యా!”

“చాపదా ప్రభూ?”

“చాపదు!”

“ఏలినవారి శ్రీముఖానికైనా?”

“ఎవరి శ్రీముఖానికైనా చాపదు! మతి పోయిందా నీకు?”

“మరి అది ఆమె తప్పా?”

“ఆమె తప్పెలా అవుతుంది?”

“శ్రీముఖం అందుకోలేని చేతిది తప్పు కానప్పుడు, పిలిస్తే పలకలేని నోటిది తప్పెలా అవుతుంది ప్రభూ? ఆ పిల్ల పోయింది, పారిపోలేదు.”

 పల్లకీ మోసేవాళ్లు నేల చూపులు చూశారు. రాజు మొహం ఎర్రబడింది.

“అంటే నా నిబంధనల్లో లోటుందనేగా నీ మాట?”

ఈ మాట కోసమే కొమ్మన కాచుకుని ఉన్నాడు. “లోటా? రాజసేవ మీద వెళ్లినవారు, వెనక్కి రమ్మనే ఆజ్ఞ అందేదాకా సేవలోనే ఉన్నట్టు లెక్క, వారికి సేవే పరీక్ష అని తమరు రాశారే. ఈ పిల్లను మేదరవాడకు పంపింది తమరి ఆజ్ఞే. వెనక్కి రమ్మని ఆజ్ఞ పంపారా?”

రాజు గుర్తు చేసుకున్నాడు. “లేదు. అసలు ఎవరికీ పంపలేదు. జ్వరం తగ్గాక వాళ్లే వచ్చారు.”

“అయితే తమరి నిబంధన ప్రకారం పేరమ ఇంకా రాజసేవలోనే ఉంది. పరీక్ష ఎప్పుడో నెగ్గింది.”

రాజు పకపకా నవ్వాడు. “చూశావా! నేను చెప్పలేదూ? నా నిబంధనలో లేనిది లోకంలో లేదు! నన్ను నా తాళ్లతోనే కట్టి, మళ్లీ నా తాళ్లతోనే విప్పావు కదయ్యా!” అని బొజ్జ కదిలేలా నవ్వాడు. బోయీలూ నవ్వారు.

అప్పటిదాకా బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఎర్రమ్మ లేచి ముందుకొచ్చింది. కొమ్మన మాట నిజమనుకునే అడిగిందో, నిజం కాదని తెలిసే అడిగిందో ఎవరికీ తెలియలేదు.

“అయితే సామీ, ఆ వెనక్కి రమ్మనే ఆజ్ఞ ఇప్పుడు రాయించండి.”

రాజు నవ్వు సగంలో ఆగిపోయింది. పన్నీటి గుడ్డ చేతిలోంచి జారింది. ఆయన చాలాసేపు ఆ దిబ్బ వంక చూశాడు. తర్వాత పల్లకీ దిగాడు. చెప్పులు విడిచాడు.

“అది రాయడం నాకు రాదమ్మా” అన్నాడు మెల్లగా.

సభ అనుకున్న రోజునే జరిగింది. పేరమ పేరు పిలిచినప్పుడు ప్రధానాచార్యుడు లేచి, “రాజసేవలో ఉంది” అని పలికాడు. ఈసారి ఆయన గొంతు సభంతా వినిపించింది. పట్టు పట్టం తెచ్చి ఎర్రమ్మ చేతుల్లో పెట్టారు. చదువు ముగిసేలోగా కన్నుమూసినవారికి వారు చేసిన సేవనే పరీక్షగా ఎంచాలని రాజు ఆ సభలోనే కొత్త నిబంధన చదివించాడు. ఎప్పటిలా మీసం మాత్రం దువ్వుకోలేదు.

కొమ్మనకు బంగారు కడియం తొడిగి, “ఇంకేం కావాలో కోరుకో” అన్నాడు.

“ఏడాది దాకా నన్ను నవ్వించమని అడక్కండి ప్రభూ.”

రాజు అతని భుజం మీద చెయ్యి వేసి, “అడగను” అన్నాడు.

సభ ముగిశాక కొమ్మన, ఎర్రమ్మ కోట దాటి నడిచారు. ఆమె పట్టాన్ని కొత్త బుట్టలో పెట్టుకుని నెత్తిన ఎత్తుకుంది. దారిలో జనం పక్కకు తప్పుకుని చోటిచ్చారు. మేదరవాడ మలుపు దగ్గర ఆమె ఉన్నట్టుండి ఆగింది.

“ఏమ్మా?” అన్నాడు కొమ్మన కంగారుగా.

“ఆకలేస్తోందయ్యా” అంది ఎర్రమ్మ, తన మాటకు తనే ఆశ్చర్యపోతూ. “పిల్ల పోయాక ఇదే మొదటిసారి.”

అప్పుడు ఆమెకు ఏడుపొచ్చింది. వీధి మధ్యలో, బుట్ట రెండు చేతులా పట్టుకుని, చిన్నపిల్లలా ఏడ్చింది. కొమ్మన పక్కనే నిలబడ్డాడు. ఆమె ఏడుపు తీరాక ఇద్దరూ ఆమె ఇంటికి వెళ్లారు. ఎర్రమ్మ బియ్యం కడుగుతుంటే, కొమ్మన కడియం తీసి పక్కన పెట్టి పొయ్యి ముట్టించాడు.