ఆఖరి కూత

నూకరత్నానికి మామూలు కూత ఎన్నడూ తెగలేదు. తెగేదల్లా ఆఖరిదే.

కబడ్డీ అంటూ ఒక్క ఊపిరితో అవతలి బరిలోకి వెళ్లి రావాలి. ప్రాక్టీసులో ఆమె కూత కాలవ నీళ్లలా సాగేది. ఆట సమానమై, జనం అరుస్తుంటే మాత్రం ఊపిరి చాలక కూత మధ్యలోనే తెగేది. అలా పోయిన ఏడాది కప్పు చేజారింది. ఇవాళ జిల్లా ఫైనల్. ఇదీ పోతే రాష్ట్ర జట్టులో చోటు ఉండదు.

"ధైర్యంగా ఉండు" అని చెప్పేవాళ్లే అందరూ. ధైర్యమేమన్నా కిరాణా కొట్లో సరుకా, పొట్లం కట్టించుకు తెచ్చుకోడానికి?

పొద్దున్నే, ఆట నేర్పే పైడయ్య మాస్టారి పాకకి వెళ్లింది. ఆయన పొయ్యి ముందు కూచున్నాడు. వానకి కట్టెలు తడిశాయి.

"మాస్టారూ, ఆఖరి కూతలోనే నా ఊపిరి ఏటైపోతాది?"

ఆయన ఊదుగొట్టం ఆమె చేతికిచ్చాడు. "ముందు టీ కాచియ్యి."

ఆమె తీరుబడిగా ఊదింది. చిన్న మంట లేచింది. గిన్నె పెట్టింది.

"మన జట్టు బస్సు కదిలే లోపు టీ మరగకపోతే నువ్వు ఎక్కవు. నీ బదులు పార్వతి కూతకెళ్తాది."

"అదేటి మాస్టారూ!"

"అదే."

రోడ్డు మీద హారన్ మోగింది. నూకరత్నం బుగ్గలు పగిలేలా ఊదింది. మంట వంగి, ఆరిపోయింది. బూడిద లేచి కళ్లనిండా పడింది.

బస్సు కిటికీలోంచి పార్వతి కేకేసింది. "ఒసే, పొయ్యి కాడ కూడా ఔటేనా?"

అందరూ నవ్వారు. నూకరత్నం కళ్లు తుడుచుకుని గొట్టం వంక చూసింది. ఇందాకా ఇదే గొట్టం. ఇవే కట్టెలు.

ఈసారి సన్నగా ఊదింది. నిప్పు ఎర్రబడింది. మళ్లీ హారన్ మోగింది. ఆమె తలెత్తలేదు.

టీ మరిగింది. మాస్టారు ఒక గుక్క తాగి, "ఎక్కు" అన్నాడు. అంతే.

సాయంత్రం ఫైనల్లో పాయింట్లు సమానం. ఆఖరి కూత ఆమెదే. మైదానం హోరెత్తిపోతోంది. గీత దగ్గర నిలబడి మాస్టారి కోసం చూసింది. ఆయన ఈ గొడవేదీ పట్టనట్టు, చేతిలో టీ గ్లాసులోకి మెల్లగా ఊదుకుంటున్నాడు.

నూకరత్నం ఊపిరి పీల్చింది. కూత ఎంత సన్నగా మొదలైందంటే, అవతలి పిల్లలు అది వినడానికి ముందుకు వంగారు.