ఖాళీ కుండ

గంపలల్లే ఈరమ్మ ఒక కథ రాసి, చూసిపెట్టమని ఆస్థాన కవి విరూపాక్షభట్టుకిచ్చింది. ఆయన అది తనదేనని సభలో చదివి, రాజుగారు బహుమతిగా ఇచ్చే కంకణానికి చెయ్యి చాపాడు. అప్పుడే ఈరమ్మ వచ్చి, కథ నాదంది.

"రుజువేమిటి?" అన్నాడు రాజు.

"అందులో ఒక తప్పుంది ప్రభూ. అదేమిటో ఆయన్ని చెప్పమనండి."

"నా కథలో తప్పా? వెతికినా దొరకదు," అని నవ్వాడు కవి.

"కథలో పిల్ల ఖాళీ కుండతో బయల్దేరింది," అంది ఈరమ్మ. " దారిలో ఏరూ లేదు, బావీ లేదు. చివర్లో ఆ కుండలోంచే దూడకి నీళ్లు పోసింది. అది గుర్తొచ్చినప్పట్నుంచి నాకు అన్నం సయించడం లేదు."

రాజు తాటాకులు తిరగేశాడు. నిజమే.

"మెప్పు ఎవరైనా తీసుకుంటారు. తప్పు నాదనేది రాసినవాళ్లే," అంటూ కంకణం ఈరమ్మకి అందించాడు.

"అది తర్వాత ప్రభూ. ముందు ఆ తాటాకులిప్పించండి, కుండలో నీళ్లు నింపాలి."