గరిడీకి వెళ్లిన పల్లకీ

ఒకానొక కొండ రాజ్యాన్ని సోమదేవ భూపతి ఏలేవాడు. మనిషి మంచివాడే గాని, తన తప్పు ఎదుటివాడి నెత్తిన రుద్దడంలో మహా నేర్పరి. ఒళ్లు పెరిగి సింహాసనం ఇరుకయ్యేసరికి ముసలి వైద్యుడు గుండయ్యను పిలిపించి మందు అడిగాడు. రోజూ కొండ మీది గరిడీకి వెళ్లి కసరత్తు చేయమనీ, తిండి కాస్త తగ్గించమనీ ఆయన చెప్పాడు.

నలభై రోజులు గడిచాయి. ధాన్యం తూచే పెద్ద త్రాసులో కూర్చోబెడితే రాజు అయిదు వీశెలు పెరిగాడు. నిండుసభలో తల కొట్టేసినట్టయింది పాపం. ఆ సిగ్గు కోపంగా మారింది.

"రోజూ గరిడీకి వెళ్లాను. ఈ వైద్యం బూటకం. రేపు పొద్దుపొడిచేలోగా గుండయ్య రాజ్యం విడిచిపోవాలి" అన్నాడు.

గుండయ్యకు డెబ్బై ఏళ్లు. ఆ వయసులో ఎక్కడికి పోతాడు?

అప్పుడు విదూషకుడు చెన్నుభట్టు లేచి, పల్లకీ మోసే నలుగురు బోయీలనూ అదే త్రాసులో తూయమని వేడుకున్నాడు. మొదటిరోజే వాళ్లను తూయించి ఉంచాడు గడసరి. ఇప్పుడు చూస్తే ఒక్కొక్కడూ మూడేసి వీశెలు తగ్గాడు.

"వీళ్లేమైనా కడుపు మాడ్చుకున్నారా?" అన్నాడు రాజు.

"లేదు ప్రభూ, సంకటి రెండింతలు తింటున్నారు. గుండయ్యగారి వైద్యం భేషుగ్గా పనిచేసింది. తమరు పల్లకీలో కొండెక్కారు, కసరత్తు వీళ్లకు దక్కింది. పైన గదను నాలుగుసార్లు తిప్పి ఆకలి మాత్రం తమరు తెచ్చుకున్నారు."

ఎవరూ నవ్వలేదు. పెద్ద బోయీ పోతడు, పుండుపడ్డ భుజం రాజు కంట పడకుండా పైపంచె లాక్కున్నాడు. అది చూశాక రాజుకు చెవులు కాలిపోయాయి. ఎంతో కష్టపడ్డాననుకుంటూ రోజూ భోజనం మీద అదనంగా ఖాళీ చేసిన నేతిగారెల పళ్లెం గుర్తొచ్చింది.

"గుండయ్యా, వీళ్ల చెమట నాదనుకున్నాను. సిగ్గుగా ఉంది, మన్నించు" అన్నాడు. తన తెలివికి తనకే నవ్వొచ్చి, చేతి కడియం తీసి చెన్నుభట్టుకు తొడిగాడు.

సభ ముగిసింది. అంతఃపురం యాభై అడుగులే అయినా బోయీలు ఎప్పటిలాగే పల్లకీ తెచ్చి దించారు. అలవాటు కొద్దీ రాజు ఒక కాలు లోపల పెట్టాడు. సభలో అందరూ నేలచూపులు చూశారు.

రాజు మెల్లగా కాలు వెనక్కి తీసుకుని, గుండయ్య చేయి పట్టుకుని నడిచి వెళ్లాడు.